యల్మారి వాటా

ఎడమకాలి మేజోడు మళ్ళీ మడమ కిందికి జారింది, అమ్మ అల్లినదైతే చచ్చినా జారేది కాదు, ఇది సైన్యం పంచిన మేజోడు, ఎవరో చేతకాని మనిషి అల్లి పడేసింది, బూటు విప్పి సరిచేసుకుందామంటే ఈ చలికి వేళ్ళు తోలుకే అతుక్కుపోతాయి, ఏడిసింది ఇలాగే ఉండనీ అనుకుంటూ నెస్తొరి కన్ను మళ్ళీ కందకం గోడలోని తుపాకీ కంతకి ఆనించాడు, ఎదురుగా అదే మంచు, మొన్నటిదాకా తెల్లగా ఉండేది, పదిరోజులుగా రష్యావాళ్ళ ఫిరంగులు దున్ని దున్ని మట్టీ బూడిదా పైకి తేలి నల్లగా అయింది, తలలు తెగిన దేవదారు మానులు, ముళ్ళతీగ, తీగకి అవతల వంద అడుగుల దూరంలో కాలిన ట్యాంకు, దానిలోంచి ఇంకా పొగ వస్తోంది, ఆ ట్యాంకు చాటున వెల్లకిలా పడి ఉన్న యల్మారి, వాడి తెల్ల అంగీ నడుము దగ్గర మాత్రం తెల్లగా లేదు, కందకంలో ఇంకెవ్వరికీ వాడు కనబడడు, అందరికీ ట్యాంకు అడ్డం, ఈ మలుపులో ఉన్న ఈ ఒక్క కంతలోంచే కనబడతాడు, ఇంతమంది ఉండగా వాడు చచ్చి కూడా నా కళ్ళముందే పడాలా, పొద్దున్నే ట్యాంకు తీగ తొక్కుకుంటూ వస్తే పెట్రోలు సీసా పట్టుకుని పాకుతూ వెళ్ళింది వాడే, తగలబెట్టిందీ వాడే, అందరూ శభాష్ శభాష్ అంటున్నారు, మా ఊరివాడని నా భుజం కూడా తట్టారు, తట్టిన చేతులు విరగ్గొట్టాలనిపించింది, అని పళ్ళు నూరుకుంటూ ఉండగానే అక్కడ యల్మారి చెయ్యి లేచింది.

మోచేతి దాకా లేచింది, తొడుగు లేని చెయ్యి, ఎర్రగా, లేచి కాసేపు అలాగే నిలబడి పడిపోయింది, గాలికేమో అనుకున్నాడు నెస్తొరి, గాలి లేదు, గాలి లేదని తనకీ తెలుసు, ట్యాంకులోంచి పొగ నిట్టనిలువుగా పైకి పోతోంది, గాలికి చెయ్యి లేస్తుందిట్రా బుద్ధిలేనివాడా, బతికే ఉన్నాడు, గంటన్నర అయింది పడి, కాలుతున్న ట్యాంకు పక్కన పడ్డాడు కాబట్టి ఆ వేడికి ఇంకా గడ్డకట్టలేదు, చూడు వాడి అదృష్టం, చావబోయి కూడా పొయ్యి పక్కనే పడ్డాడు, ఎప్పుడూ అంతే కదా ఆ ఇంటివాళ్ళు, పొయ్యి వాళ్ళది, పొలం వాళ్ళది, సరస్సు ఒడ్డు వాళ్ళది, ఆవిరిస్నానం చేసే సౌనా గది వాళ్ళది, మనం వాళ్ళ కౌలుదార్లం, శనివారం సాయంత్రం వాళ్ళ సౌనాలో వాళ్ళ బల్లమీదే కూర్చుని చెమట పట్టించుకునేవాళ్ళం, బట్టలిప్పితే ఆసామీ కౌలుదారూ ఒకటే అని మురిసిపోయేవాళ్ళం, నాన్న కూడా మురిసిపోయాడు, మురిసే చచ్చాడు, ఆ శనివారం నాన్న ఎక్కడున్నాడో ఎవరికి తెలియదు గనక, ముసలాసామి పక్కనే కూర్చున్నాడు, ఆవిరిలో, అదే బల్లమీద, అదే సాయంత్రం అవతల ఎస్టేటు గుమాస్తాని ఎవరో కాల్చారు, ఎర్రవాళ్ళే, ఆసాములమీద తిరగబడ్డ కూలీల దళం వాళ్ళే కాల్చారు, నాన్న ఎర్రవాళ్ళకి మూడువారాలు గుర్రబ్బండి తోలాడు, అంతే, పంతొమ్మిదివందల పద్దెనిమిది అంతర్యుద్ధం, ఆ వసంతంలో ఆసాముల తరఫు తెల్లవాళ్ళు గెలిచి ఊళ్ళోకొచ్చి ఆ హత్య నాన్నమీద వేసి పట్టుకుపోతుంటే నాన్న మొత్తుకున్నాడు, ఆసామినడగండి, శనివారం ఆయన పక్కనే ఉన్నాను అని, వాళ్ళు వెళ్ళి అడిగారు, ముసలాడు మీసాలు తుడుచుకుని, పొయ్యి వంక చూస్తూ, చూడలేదు అన్నాడు.

చూడలేదు, ఎన్నిసార్లు చెప్పింది అమ్మ ఆ మాట, ఆలుగడ్డలు ఒలుస్తూ చెప్పేది, ఆవు పాలు పిండుతూ చెప్పేది, ఊరికే చెప్పేది కాదు, చేసి చూపించేది, ఇదిగో ఇలా చేతి వెనకవైపుతో మీసం తుడుచుకున్నాడ్రా, ఇదిగో ఇలా మొహం పక్కకి తిప్పుకున్నాడ్రా, చూడలేదన్నాడ్రా, అమ్మకి మీసాలు లేవు, అయినా ఆ క్షణంలో ముసలాడు మా వంటింట్లో నిలబడ్డట్టే ఉండేది, నాన్న ఆ వేసవిలో ఖైదీల శిబిరంలో తిండి లేక పోయాడు, గుండు పెట్టి కాల్చినా బాగుండేది, ఆకలితో పోయాడు, ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు, సున్నం చల్లిన పెద్ద గొయ్యి ఒకటి, అందులో ఎక్కడో, ఇప్పుడు ఈ యుద్ధంలో చచ్చినవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదలకుండా బండిమీద ఊరికి చేరుస్తున్నారు, ఎవరి చర్చి దొడ్లో వాళ్ళకి గొయ్యి, పాస్టరు ప్రార్థన, జెండా, మంచిదే, నాన్నకి మాత్రం అప్పుడు ఎవరూ ఏ బండీ కట్టలేదు, ఛీ, ఇప్పుడవన్నీ ఎందుకు, కన్ను కంతమీద ఉంచు.

చెయ్యి మళ్ళీ లేచింది, ఈసారి అటూ ఇటూ ఊగింది, ఇటువైపే ఊపుతున్నాడా, ఊపనీ, శనివారం సౌనాలో ఊపిన చెయ్యే కదా, ఐదు రోజులైంది, వాగు గట్టు తవ్వి మనవాళ్ళు కట్టుకున్న సౌనా, సరిహద్దులో ఫిరంగులు మోగుతున్నా శనివారం శనివారమే, సౌనాలో వీపు తట్టుకునే బర్చ్ చెట్టు ఆకులెక్కడివి ఈ చలికాలంలో, దేవదారు రెమ్మలే కట్టగట్టి ఒకళ్ళ వీపు ఒకళ్ళు కొట్టుకోవడం, ఎవడి వీపు వాడికి అందదు కదా, మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు, నేనూ వాడూ ఇద్దరమే ఉన్నాం, తిరుగు నెస్తొరీ అన్నాడు, తిరిగాను, కొడుతున్నాడు, కొడుతూ కొడుతూ, మా నాన్న చూశాడు నెస్తొరీ, అన్నాడు, అంతే, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు, పోయేముందు నాతో చెప్పాడు, ఆ శనివారం మీ నాన్న ఆయన పక్కనే ఉన్నాడట, ఎర్రవాడితో కలిసి స్నానం చేశానంటే తననీ గోడకి నిలబెడతారని భయపడ్డాడట, జులైలో చెప్పడానికి గుర్రం కట్టుకుని పట్నం వెళ్ళాడు, అప్పటికే మీ నాన్న, ఇక చాల్లే అన్నాను, గొంతెత్తలేదు, సౌనాలో గొంతెత్తకూడదు, చర్చిలో ఎలాగో అక్కడా అలాగే, ఆ సంగతి వాడికి తెలుసు, అందుకే అక్కడ చెప్పాడు, కావాలని, నా చేతిలో కత్తి లేని చోట, నా ఒంటిమీద గుడ్డ లేని చోట, పిరికి వెధవ, తండ్రికి తగ్గ కొడుకు.

ముసలాడు పోయి ఆరేళ్ళు, ఆరేళ్ళు తెలుసు వీడికి, ఆరేళ్ళలో ఎన్ని ఆదివారాలు, ప్రతి ఆదివారం చర్చికెళ్తూ మా గుడిసె ముందు బండి ఆపేవాడు, రా పెద్దమ్మా ఎక్కు, మోకాళ్ళు నొప్పులన్నావుగా, అనేవాడు, అమ్మ ఎక్కేది, వాడి పక్కనే కూర్చుని వెళ్ళేది, వాడి గొర్రెతోలు దుప్పటి కాళ్ళమీద కప్పుకునేది, యల్మారి మంచివాడ్రా, వాళ్ళ నాన్నలాంటివాడు కాదు అనేది, అంత దగ్గర కూర్చున్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు, మొన్న అక్టోబరులో అమ్మ పోయింది, అబద్ధం ఎవరు చెప్పారో తెలుసుకోకుండానే పోయింది, కాదు, తెలుసు ఆవిడకి, ఒప్పుకున్న మాటొక్కటి వినకుండా పోయింది, ఆవిడ పోయాక నాలుగు నెలలకి, చావు నెత్తిమీద ఆడుతుంటే, వీడికి నోరు పెగిలింది, తన గుండె బరువు నా నెత్తిన దింపుకుని హాయిగా నీళ్ళు పోసుకున్నాడు, ఉండు, ఊపు చెయ్యి, బాగా ఊపు.

పక్కన మంచు నలిగిన చప్పుడైంది, సార్జెంట్ పెల్తొలా, గడ్డమంతా తెల్లటి మంచుబిళ్ళలు, మోకాళ్ళమీద పాక్కుంటూ వచ్చాడు, ఏరా నెస్తొరీ, అవతలివాళ్ళు మళ్ళీ కాల్పులు మొదలెట్టేలోగా ఒక్క మాట చెప్పు, మీవాడు నీకొక్కడికే కనిపిస్తాడు, ఏమన్నా కదిలాడా, బతికుంటే ఇప్పుడే మంచుబండి తీసుకుని ఇద్దర్ని పంపిస్తాను, చచ్చిపోయుంటే చీకటిపడ్డాక తెచ్చుకుందాం, వదిలిపెట్టి పోయేది లేదు, కాకపోతే శవం కోసం పగలు మనుషుల్ని చంపుకోలేను, చెప్పు, చూశావా, అన్నాడు, సూటిగా అడిగాడు, తప్పించుకోవడానికి ఎక్కడా సందు లేకుండా అడిగాడు, నెస్తొరికి మూతిమీద మంచు పేరుకుని చిమచిమలాడింది, చేతితొడుగు వెనకవైపుతో తుడుచుకుని, పక్కనున్న గుళ్ళపెట్టె వంక చూస్తూ, చూడలేదు, అన్నాడు, పాపం మంచివాడు అన్నాడు పెల్తొలా, వాడి పెళ్ళాం హిల్యాకి ఉత్తరం నువ్వే రాయాలిరా, ఒక ఊరివాడివి నువ్వేగా, అని వచ్చిన దారినే పాక్కుంటూ పోయాడు, కాసేపాగి చెప్పొచ్చులే అనుకున్నాడు నెస్తొరి, ఇప్పుడేం మునిగింది, ఇంకో ఐదు నిమిషాలు పడి ఉండనీ, నాన్న శిబిరంలో రెండు నెలలు పడి ఉన్నాడు, వీడు ఇంకో ఐదు నిమిషాలు పడి ఉండలేడా, ఆ తర్వాత పిలిచి, అదిగో సార్జెంట్ ఇప్పుడే కదిలాడు అంటాను, ఎవరికి తెలుస్తుంది, ఇప్పుడే కదిలాడంటే ఇప్పుడే కదిలినట్టు.

ఐదు నిమిషాలైంది, చెయ్యి లేచింది, ఒక సిగరెట్టు కాల్చి చెప్తాను అనుకున్నాడు, కాల్చాడు, పొగ కంతలోంచి బయటికి పోకుండా కింద మంచులోకి ఊదుతూ, ఆఖరిదాకా, వేళ్ళు కాలేదాకా కాల్చాడు, చెయ్యి లేచింది, ఇప్పుడు అంత ఎత్తుకి లేవలేదు, మణికట్టు మాత్రం, ఇంతలో కందకం వెనకనుంచి వంటవాడు కొస్తి వస్తున్నాడు, వీపున సూపు డబ్బా, ఇవాళ గురువారం, గురువారమంటే బఠాణీ సూపు, ప్రపంచం తగలబడిపోతున్నా గురువారం సైన్యంలో బఠాణీ సూపే, ఒరేయ్ లెగండి లెగండి, రష్యావాళ్ళు తాగేలోపు మీరు తాగండి, అని కొస్తి అరుస్తూ గరిటెతో కొట్టి పైన గడ్డకట్టిన కొవ్వుపొర పగలగొట్టి పోస్తున్నాడు, ఒక్కొక్కడికి ఒక గరిటె, పంది ముక్క ఒకటి, లెక్క ప్రకారం తెచ్చాను మిగిలితే నా నెత్తిన పోసుకోవాలా, ఇదిగో సార్జెంట్, యల్మారి వాటా మిగిలింది, ఎవడికి పొయ్యమంటావు, అన్నాడు, నెస్తొరికి పొయ్యి, వాళ్ళూరివాడేగా, అని అటువైపునుంచి పెల్తొలా అన్నాడు, పోశాడు కొస్తి, గిన్నె నిండింది, రెండు వాటాలు, రెండు ముక్కలు, తిను నాయనా, యల్మారికి ఈ సూపంటే ప్రాణం, పోయిన గురువారం మూడోసారి అడిగితే గరిటెతో కొట్టాను పాపం, అని కళ్ళు తుడుచుకుంటూ పోయాడు, కళ్ళు తుడుచుకునే మొహం చూడు, వండినవాడికంత దుఃఖమైతే మరి నాకు.

నాకేం, నాకు ఆకలి, పొద్దుట్నుంచి ఏమీ లేదు కడుపులో, తిన్నాడు నెస్తొరి, ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో చెంచా, ఒక కన్ను కంతమీద, గోరువెచ్చగా ఉంది సూపు, ఉప్పగా ఉంది, సగం దాకా తన వాటా, సగం నుంచి వాడి వాటా, ఎక్కడ మొదటిది అయిపోయిందో ఎక్కడ రెండోది మొదలైందో తెలియదు, రెండో ముక్క నోట్లో పెట్టుకున్నాడు, కొవ్వు ముక్క, నమిలాడు, కంతలోంచి చూస్తే అక్కడ వేళ్ళు కదిలాయి, వేళ్ళు మాత్రమే, ఎవరినో పిలిచినట్టు, కాదు ఎవరినో కాదు, ఇటే చూస్తున్నాడు, మొహం ఇటే తిప్పుకుని ఉన్నాడు, వాడికి తెలుసు ఈ మలుపులో కాపలా ఎవరిదో, పొద్దున ఈ కంత పక్కనుంచే కదా పాకుతూ వెళ్ళింది, వెళ్తూ కాస్త కాపాడు నెస్తొరీ అన్నాడు కదా, తుపాకీతో కాపాడమని, ఛీ ఈ ముక్క దిగడం లేదు, మూతికి సూపు అంటింది, చేతితొడుగు వెనకవైపుతో తుడుచుకున్నాడు, తుడుచుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఇదేమిటి, ఇలా ఎవరు తుడుచుకునేది, ఇదిగో ఇలారా, అని అమ్మ వంటింట్లో నిలబడి చూపిస్తోంది, చేతి వెనకవైపుతో, మొహం పక్కకి తిప్పి, చూడలేదన్నాడ్రా అని, ఇరవై రెండేళ్ళు చూపించి చూపించి అమ్మ నాకిది నేర్పిపోయిందా ఏమిటి, ఇందాక సార్జెంట్ అడిగినప్పుడు కూడా ఇలాగే, పెట్టె వంక చూస్తూ, ఒసేయ్ అమ్మా, ఇలాగే అన్నానే, మాట కూడా అదే, నోట్లో ముక్క ఉమ్మేశాడు, గిన్నె మంచులో గుచ్చాడు, సార్జెంట్, అని అరిచాడు, వాడు కదులుతున్నాడు.

ఎప్పుడు, అన్నాడు పెల్తొలా, ఇందాక, ఇందాకంటే ఎప్పుడ్రా, నెస్తొరి గోడకి ఆనించి ఉన్న మంచుబండి తాడు నడుముకి కట్టుకున్నాడు, చెక్కతో చేసిన పడవలాంటి బండి, కట్టెలకి వాడింది, నిన్నట్నుంచి మనుషులకి వాడుతున్నది, ఆగరా వెధవా ఇంకొకణ్ణిస్తాను అంటున్నా వినకుండా కందకం గట్టెక్కి బోర్లా పడి పాకాడు, ముళ్ళతీగ కింద సందులోంచి, మేజోడు మొత్తం జారిపోయింది, బూటులో ఉత్త కాలు, పోతే పోయింది, సరిగ్గా అప్పుడే మొదలెట్టారు అవతలివాళ్ళు, ముందు ఎక్కడో దూరంగా, తర్వాత ఇక్కడే, నేల ఎగిరి వీపుమీద పడింది, మట్టిగడ్డలు, మంచుగడ్డలు, నిన్ను తిట్టడానికి వస్తున్నాన్రా యల్మారీ, తీసుకెళ్ళడానికి కాదు, బతికించి కందకంలో కూర్చోబెట్టి, సౌనా బయట, గొంతెత్తగలిగే చోట, ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ కలిపి తిట్టడానికి వస్తున్నాను, చావకు, నేను తిట్టేదాకా చావకు, ట్యాంకు వేడి మొహానికి తగిలింది, వాడి భుజం దొరికింది, పట్టుకుని లాగాడు, యల్మారి కళ్ళు తెరిచే ఉన్నాయి, కనురెప్పలమీద మంచు, వచ్చావా అన్నాడు, మాట సరిగా రాలేదు, పెదాలు బిగుసుకుపోయాయి, నీకేసే ఊపాను, నువ్వు చూస్తావని తెలుసు, వేరేవాళ్ళకి కనబడనుగా, అన్నాడు, మాట్లాడకు అన్నాడు నెస్తొరి, ఇవాళ గురువారమా అన్నాడు యల్మారి, ఆ, సూపొచ్చిందా, వచ్చింది, నాకుంచావా.

నెస్తొరి వాణ్ణి బండిమీదికి దొర్లించాడు, కాళ్ళు ముడిచి పెట్టాడు, కడుపు దగ్గర అంగీ కర్రలా గట్టిగా ఉంది, నడుముకున్న తాడు బిగించుకుని మోకాళ్ళమీద లాగడం మొదలెట్టాడు, బరువు, ఆసామి కొడుకు కదా, జన్మంతా తిండికి లోటు లేనివాడు, లాగుతూ వెనక్కి చూడకుండా, ఉంచాను, నీ వాటా ఉంది, అన్నాడు, ఇదొక అబద్ధం, ఇవాళ ఇది ఎన్నోది, వెనకనుంచి మాట లేదు, విన్నావురా, అన్నాడు, ముళ్ళతీగ దగ్గర బండి ఇరుక్కుంది, రెండు చేతులతో పీకాడు, విన్నావురా యల్మారీ, నువ్వు చెప్పిన మాట నేను పూర్తిగా వినలేదు ఆ రోజు, జులైలో మీ నాన్న పట్నం వెళ్ళాడన్నావు, అప్పటికే, అన్నావు, అప్పటికే ఏమైంది, నువ్వు చెప్పు, నీ నోటితో చెప్పు, యల్మారి చెప్పలేదు, కందకంలోంచి చేతులొచ్చి బండిని లోపలికి లాగాయి, పెల్తొలా, కొస్తి, ఇంకెవరో, కొస్తి చెవి వాడి నోటి దగ్గర పెట్టాడు, మెడ కింద చెయ్యి పెట్టాడు, ఇంకా వెచ్చగానే ఉంది సార్జెంట్, ఇప్పుడే, ఇప్పుడే పోయాడు, అన్నాడు.

అప్పటికే, అనుకున్నాడు నెస్తొరి కందకం గోడకి వీపు ఆనించి జారిపోతూ, నడుముకి తాడు అలాగే ఉంది, అప్పటికే నాన్న పోయాడు, ముసలాడు నల్లకోటు వేసుకుని గుర్రం కట్టుకుని నిజం మూటగట్టుకుని వెళ్ళాడు, శిబిరం వాళ్ళు ఏ పేరు అని అడిగి పుస్తకం తిప్పి, పోయాడు అని చెప్పుంటారు, గుర్రాన్ని తిప్పుకుని వచ్చేశాడు, అమ్మ చెప్పేది, జులైలో ఎక్కడికో వెళ్ళొచ్చాడ్రా ముసలాడు, వచ్చాక వారం రోజులు గడప దాటలేదు, ఏం మాయరోగమో అని నవ్వేది, ఇన్నాళ్ళూ ముసలాడు నాన్నని చంపాలనుకున్నాడు అనుకున్నాను, పగతో, కావాలని, కాదు, చంపాలని కాదు, ఈ తెల్లవాళ్ళు ఊరొదిలి వెళ్ళాక చెప్దాంలే అనుకున్నాడు, విత్తనాలు చల్లాక చెప్దాంలే అనుకున్నాడు, గడ్డి కోశాక, ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో సిగరెట్టు, గిన్నె ఖాళీ అయ్యాక, ముసలాడికి మూడు నెలలు పట్టింది, నాకు ఒక పూటే, అంతే తేడా, ఇంకేం తేడా లేదు, పైన గుళ్ళు పడుతూనే ఉన్నాయి, మట్టి మెడలోకి రాలుతోంది, పెల్తొలా వంగి మొహంలో మొహం పెట్టి అరుస్తున్నాడు, ఏం అడుగుతున్నాడు, మళ్ళీ అదే అడుగుతున్నాడు, ఒరేయ్, ఇందాక కదల్లేదన్నావు కదరా, చూడలేదన్నావు కదరా, హిల్యాకి ఏమని రాస్తాం, కొస్తి వింటున్నాడు, అందరూ వింటున్నారు, మూతిమీద మంచు పేరుకుంది, నెస్తొరి తుడుచుకోలేదు, పక్కకి తిరగలేదు, పెల్తొలా కళ్ళలోకే చూస్తూ, చూశాను, అన్నాడు, అప్పుడే చూశాను.